విశ్వకిరణాల ప్రయాణం – హైదరాబాదు పరిశోధనలు

విశ్వకిరణాలు పేరుకే కిరణాలు. నిజానికి ఇవి దాదాపు కాంతివేగంతో వచ్చే పరమాణు కేంద్రకాలు, వాటితోపాటు కొద్దిపాటి ఎలక్ట్రాన్లు. ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ 1912లో బెలూనెక్కి వీటి ఉనికిని పసిగట్టాడు. ఇవి సూపర్‌నోవా పేలుళ్ళ నుంచి వస్తాయని ఖగోళ శాస్త్రవేత్తలు బాడె, జ్వికీ 1934లో ఊహించారు. అయితే పాలపుంతలోని అయస్కాంత క్షేత్రాలు వీటిని దారి మళ్ళిస్తూనే ఉంటాయి గనుక, వచ్చిన దిక్కును బట్టి పుట్టినచోటు చెప్పలేం.

ఈ పరిశోధనలో హైదరాబాదుకు చోటు దక్కడానికి కారణం భూమి అయస్కాంతత్వమే. అయస్కాంత భూమధ్యరేఖకు చేరువగా ఉండటంతో సుమారు 17 గిగావోల్టుల కంటే తక్కువ బిగువున్న (అంటే అయస్కాంత క్షేత్రానికి తేలిగ్గా వంగిపోయే) కణాలు నగరం మీది ఆకాశంలోకి చొరబడలేవు. చిల్లర కణాల రద్దీ లేకపోవడంతో అధిక శక్తి కణాలను తీరిగ్గా పట్టుకోవచ్చు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ 1956లో, పరికరాలను పైకి మోసే పాలిథీన్ బెలూన్ల తయారీ మొదలుపెట్టింది. 1960లలో అవి అటు తార్నాక, ఇటు అంబర్‌పేట్ హద్దులుగా ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ నుంచి ఎగిరేవి.

ఈ దశలో వచ్చిన మేలైన ఫలితం టాటా సంస్థ శాస్త్రవేత్తలు ఆర్.ఆర్. డేనియల్, ఎస్.ఎ. స్టీఫెన్స్‌లది. హైదరాబాదు మీద ఎగిరిన ఫొటోగ్రాఫిక్ ఎమల్షన్ పలకల్లో 15 గిగా ఎలక్ట్రాన్‌వోల్టులకు పైబడిన ఎలక్ట్రాన్ల జాడలను గుర్తించి 1965లో ప్రకటించారు. ఎలక్ట్రాన్ అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ, నక్షత్రకాంతిని ఢీకొంటూ శక్తి పోగొట్టుకుంటుంది. శక్తి ఎక్కువైనకొద్దీ ఆ నష్టం వేగం పుంజుకుంటుంది. అందువల్ల మిగిలినవాటి లెక్క, అవి ఎంతకాలంగా తిరుగుతున్నాయో చెబుతుంది.

1967లో అదే సంస్థకు చెందిన రామనాథ్ కౌశిక్, యశ్ పాల్, టాండన్, వర్మ విశ్వకిరణాల ప్రయాణానికి చక్కని నమూనా ఇచ్చారు. దీనికే తరవాత ‘లీకీ బాక్స్’ అనే పేరు స్థిరపడింది. చిల్లుల డబ్బాలో గింజల్లా కణాలు పాలపుంతలో అటూఇటూ కొట్టుకుంటూ, ఎప్పుడో ఒకప్పుడు బయటికి జారిపోతాయన్నది దాని సారం. నక్షత్రాల్లో అరుదైన లిథియం, బెరీలియం, బోరాన్ విశ్వకిరణాల్లో దండిగా ఉండటానికి కారణం, దారిలో బరువైన కేంద్రకాలు వాయువును ఢీకొని పగలడమే. సుమారు 14 లక్షల ఏళ్ళ అర్ధాయువుగల బెరీలియం-10 ఈ ప్రయాణకాలాన్ని కొలిచే గడియారంగా పనికొచ్చింది. కాంతి లక్ష ఏళ్ళలో దాటే పాలపుంతలో ఈ కణాలు కోటి ఏళ్ళకు పైగా తిరుగుతాయని తేలింది.

1969లో నగరంలోని ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతంలో బెలూన్లకు స్థిర కేంద్రం ఏర్పడింది. ఆ తరవాతి దశాబ్దాల్లో అక్కడ ఎక్స్‌రే, పరారుణ ఖగోళ పరిశోధనలకూ చోటు దొరికింది. ఇక లీకీ బాక్స్ విషయానికొస్తే, 1972లో చికాగో పరిశోధకులు, శక్తి పెరిగేకొద్దీ పగిలిన ముక్కల వాటా తగ్గుతోందని చూపారు. అంటే శక్తిమంతమైన కణాలే ముందుగా తప్పించుకుపోతున్నాయి.