చెవులు మూయని పాట



ఈవేళ నేను మీతో ముచ్చటించబోయేది చెవులకు పెట్టుకుని వినే హెడ్‌ఫోన్ల గురించి. "ఇదేం విషయమమ్మా! ఊరగాయల గురించో, పిల్లల చదువుల గురించో చెబుతావనుకున్నాం" అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వినా ఫరవాలేదు గాని, ఒక్క సంగతి ఆలోచించండి. పాట వినాలన్న సరదా మనలో ఎవరికి లేదు? ఆ సరదా తీరే వేళ ఏది? మధ్యాహ్నం గిన్నెలు సర్దుకున్నాక ఒక గంట, లేదా రాత్రి అందరూ పడుకున్నాక ఒక గంట. ఆ రెండు వేళల్లోనూ ఇంట్లో ఎవరో ఒకరు నిద్రపోతూనే వుంటారు. అంచేత మన పాట మన చెవుల వరకే వుండాలి. అలాగని చెవులు మూసుకుని కూర్చుంటే ఇల్లు వినబడదు. ఇల్లు వినబడకపోతే మనకు పాట మీద మనసు నిలవదు. అవునా, కాదా?

నా సంగతే చెబుతాను. రెండేళ్ల కిందట మా అబ్బాయి నాకు హెడ్‌ఫోన్లు కొని తెచ్చాడు. చెవులను పూర్తిగా కప్పేసే రకం. పెట్టుకుంటే ఫాను చప్పుడు కూడా వినిపించదు. ఒక రాత్రి హాల్లో కూర్చుని కచ్చేరీ వింటున్నాను. పక్కగదిలోంచి మా అత్తగారు మంచినీళ్లకని పిలిచారట. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాకు వినబడలేదు. ఆవిడే లేచి, చీకట్లో గడప తట్టుకుని పడ్డారు. మణికట్టు ఎముక చిట్లింది. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "పోనీలే అమ్మాయ్, పాట వింటున్నావుగా" అన్నారు, అంతే. నాలుగు తిట్టినా నాకు అంత బాధ కలిగేది కాదు. మూడు నెలలు వాటిని బీరువాలోంచి తీయలేదు.

తర్వాత మా ఆడపడుచు కూతురు వచ్చి, సంగతి విని, "తప్పు పాటది కాదత్తయ్యా, ఆ డిప్పలది. వెనక వైపు తెరిచి వుండే రకం దొరుకుతుంది. ధర కూడా ఎక్కువ వుండదు" అంది. అప్పుడే వీటి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుందామనిపించింది. తెలుసుకోగా, ఆ కథలో ఆడవాళ్ల పాలు కూడా బాగానే వుందని తేలింది.

చెవికి యంత్రం తగిలించుకుని రోజంతా పని చేయవలసి వచ్చిన తొలి మనుషులు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ఉద్యోగులు. మొదట ఆ పనికి మగపిల్లల్ని పెట్టారు. వాళ్లు ఫోను చేసినవారితో మర్యాద లేకుండా మాట్లాడేవారట. అందుకని 1878 సెప్టెంబరు 1న అమెరికాలోని బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడను నియమించారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటరు ఆవిడే. ఆ తర్వాత ఆ వుద్యోగం ఆడవాళ్లదే అయిపోయింది. 1880 దశకంలో ఆపరేటర్ల చేతులు ఖాళీగా వుండాలని ఎజ్రా గిల్లిలండ్ అనే ఆయన ఒక సాధనం తయారు చేశాడు. అది ఒక్క చెవికే వినిపించేది. దాని భారం భుజాల మీద మోయాలి! నీళ్లకావడి మోసినట్టు మాటల కావడి మోశారన్నమాట.

వేడుక కోసం వినడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. 1895లో లండన్‌లో ఎలక్ట్రోఫోన్ అనే ఏర్పాటు వచ్చింది. సంవత్సరానికి 5 పౌండ్ల చందా కడితే నాటకశాలలో పాట, చర్చిలో ప్రసంగం టెలిఫోన్ తీగ మీద ఇంటికే వచ్చేవి. చెవులకు పెట్టుకునే గొట్టాలకు కింద ఒక పిడి వుండేది. దాన్ని చేత్తో పట్టుకుని వినాలి. జుట్టు చెదరదు గాని, చెయ్యి లాగుతుంది. ఆ చందా కట్టే స్తోమత కలవారికే వుండేదని వేరే చెప్పాలా?

ఇక మనం తలకు పెట్టుకునే జోడు ఎక్కడ రూపు దిద్దుకుందనుకున్నారు? వంటింట్లో! అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన 1910లో తన హెడ్‌ఫోన్లను నౌకాదళానికి పంపించాడు. వారు పరీక్షించి చూసి, బాగున్నాయి, 100 జతలు కావాలన్నారు. ఆయన ఒక్కసారిగా పదికి మించి ఇవ్వలేనన్నాడు. కారణం, వాటిని వంటింట్లో కూర్చుని చేతులతో చేస్తున్నాడు మరి. ఆ యింటి ఇల్లాలు ఆ రోజుల్లో వంట ఎక్కడ చేసుకుందో చరిత్రకారులెవరూ రాయలేదు!

1920 దశకంలో రేడియో వచ్చింది. మన వైపు మద్రాసులో రేడియో క్లబ్బు 1924లో ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ కాలపు స్ఫటికం రేడియోలకు కరెంటు అక్కర్లేదు, కాని వాటి శబ్దం చాలా సన్నం. హెడ్‌ఫోన్లు లేకపోతే ఏమీ వినబడదు. ఇంట్లో జత ఒక్కటే వుండేది, వినేవారు నలుగురు. అప్పుడు పాశ్చాత్య దేశాల్లో జనం ఒక వుపాయం కనిపెట్టారు. హెడ్‌ఫోన్లను పింగాణీ గిన్నెలో పెట్టి, దాని చుట్టూ అందరూ కూర్చునేవారు. గిన్నెలో శబ్దం కాస్త పెద్దదై అందరికీ వినిపించేది. పాట పంచుకోవాలన్న బుద్ధి ఎంత పాతదో చూశారా!

తర్వాత లౌడ్‌స్పీకరున్న రేడియోలు వచ్చి, హెడ్‌ఫోన్లు కొన్నాళ్లు మూలపడ్డాయి. వాటి నాణ్యతను పెంచే పని మాత్రం ఆగలేదు. 1937లో జర్మనీలో బేయర్ కంపెనీ డీటీ 48 అనే రకం తెచ్చింది. అందులో ఒక పల్చటి పొర, దానికి అంటించిన సన్నని తీగచుట్ట, వెనకాల అయస్కాంతం వుంటాయి. కరెంటు వచ్చినప్పుడల్లా తీగచుట్ట కదులుతుంది, దానితోపాటు పొర వణుకుతుంది. అదే మనకు పాట. ఇప్పటికీ చాలా హెడ్‌ఫోన్లు ఈ పద్ధతిలోనే పని చేస్తాయి. 1958లో అమెరికాలో మిల్వాకీ నగరంలో జాన్ కాస్ అనే ఆయన స్టీరియో సంగీతం వినడానికని ప్రత్యేకంగా హెడ్‌ఫోన్లు తయారు చేయించాడు. కుడి చెవికి ఒక వాద్యం, ఎడమ చెవికి ఒకటి వినిపిస్తుంటే జనం ముచ్చటపడ్డారు.

కాని ఇవన్నీ మూసిన డిప్పలే. ఇక్కడొక చిక్కు వుంది. పొర వణికినప్పుడు శబ్దం చెవి వైపు ఎంత వస్తుందో, వెనక వైపూ అంతే పోతుంది. వెనక మూత వుంటే ఆ శబ్దం అక్కడే తిరిగి తిరిగి పాటలో కలుస్తుంది. చిన్నప్పుడు మనం ఖాళీ బిందెలో తలపెట్టి "ఓ" అని అరిచేవాళ్లం, గుర్తుందా? ఆ మోత లాంటిదే ఇది. మంచి కంపెనీలు లోపల దూదీ, బట్టా పెట్టి దాన్ని తగ్గిస్తాయి. చవకరకాల్లో ఆ శ్రద్ధ తక్కువ. పైగా మూసిన డిప్పలో చెవి వేడెక్కుతుంది, చెమట పడుతుంది. మన వేసవిలో అరగంట పెట్టుకుని చూడండి, తెలుస్తుంది!

ఈ మూత తీసేసినవారు జర్మనీలో హానోవర్ దగ్గర వెన్నెబోస్టెల్ అనే పల్లెలో వున్నారు. అక్కడ ఫ్రిట్జ్ సెన్‌హైజర్ అనే ఇంజనీరు 1945లో ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. ఆ సంస్థ 1968లో హెచ్‌డీ 414 అనే హెడ్‌ఫోను తెచ్చింది. వెనక వైపు మూత లేదు, కన్నాలున్నాయి. చెవికి ఆనే చోట పసుప్పచ్చ స్పాంజి. తేలికగా, బొమ్మలా వుండేది. కాని వింటే, పాట తలలో మోగుతున్నట్టుగా కాక ఎదురుగా ఎవరో పాడుతున్నట్టు వినిపించేది. దాని ధర కూడా మామూలు జనానికి అందేలాగే వుండేది. ఆ రకం కోటికి పైగా అమ్ముడుపోయింది. వీపు తెరిచిన హెడ్‌ఫోన్లను పెద్ద ఎత్తున ఇళ్లలోకి తెచ్చింది అదే.

తర్వాత అడుగు జపాన్‌లో పడింది. 1979 జూలైలో సోనీ కంపెనీ వాక్‌మన్ అమ్మకానికి పెట్టింది. దానితో ఇచ్చిన హెడ్‌ఫోన్ల బరువు సుమారు 50 గ్రాములు. ఒక మూర మల్లెపూల బరువనుకోండి! అవీ స్పాంజి వేసిన తెరిచిన రకమే. ఇంతకన్నా మనకు నచ్చే సంగతి ఇంకొకటుంది. కంపెనీ పెద్ద అకియో మోరిటా ఆ పెట్టెను ముందుగా ఇంటికి తెచ్చుకుని వింటూ వుంటే, ఆయన భార్యకు చిన్నతనం వేసిందట. ఆయన ఒక్కడే పాటలో మునిగిపోయాడు, ఆవిడ పక్కనే వున్నా వెలిగా వున్నట్టయింది. అది గమనించి ఆయన మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు వినేలా రెండు కన్నాలు పెట్టించాడు. పక్కవాళ్లతో మాట్లాడటానికి ఒక బొత్తం, చిన్న మైకు కూడా పెట్టించాడు. తర్వాత తర్వాత వచ్చిన రకాల్లో ఆ బొత్తమూ పోయింది, రెండో కన్నమూ పోయింది. చెవికీ ఇంటికీ నడుమ మళ్లీ తలుపు పడింది. మా యింట్లో జరిగింది కూడా అదే కదా అనిపించింది నాకు.

చవకలో మంచి రకాలు ఆ తర్వాత కూడా వచ్చాయి. ఆ జాన్ కాస్ కంపెనీయే 1984లో పోర్టా ప్రో అనే తెరిచిన రకం తెచ్చింది. నలభై ఏళ్లు దాటినా అది ఇప్పటికీ అమ్ముతున్నారు. అమెరికాలో దాని ధర సుమారు 50 డాలర్లు. చెవి మీద ఒత్తిడి తగ్గించడానికి కణతల దగ్గర చిన్న మెత్తలు పెట్టారు. బిగువు ఎక్కువ తక్కువలు సర్దుకునే వీలూ వుంది. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో గ్రాడో అనే కుటుంబం వారు 1990 దశకంలో 69 డాలర్లకే ఎస్సార్ 60 అనే రకం అమ్మారు. జోసెఫ్ గ్రాడో 1953లో గ్రామఫోన్ ముల్లు పెట్టే భాగాలు తయారు చేస్తూ ఆ సంస్థను మొదలుపెట్టింది ఎక్కడో తెలుసా? మళ్లీ వంటింటి బల్ల మీదే!

ఇక మనకు పనికొచ్చే మాటలు నాలుగు. తెరిచిన రకంలో గొంతు, వీణ, వయొలిన్, తంబురా శ్రుతి హాయిగా, విడివిడిగా వినిపిస్తాయి. మృదంగం ఎడమ వైపు గుంభనమైన మోత మాత్రం కాస్త పలచబడుతుంది. పొర ముందు గాలి, వెనక గాలి కలిసిపోయి ఆ బరువైన నాదాన్ని కొంత చెరిపేస్తాయి. చవకరకాల్లో ఈ లోటు మరికాస్త ఎక్కువ. తెలిసి కొనుక్కుంటే చింత వుండదు.

రెండోది, మన పాట బయటికి కూడా వినిపిస్తుంది. పక్కమంచం మీద పసిపాప పడుకుని వుంటే చిన్నగా పెట్టుకోవాలి. బస్సులో, రైల్లో ఇవి పనికిరావు. బయటి రొద లోపలికి వస్తుంది గనుక తెలియకుండానే శబ్దం పెంచేస్తాం, చెవులు చెడతాయి. మిక్సీ తిరుగుతున్నప్పుడూ అంతే, పాట ఆపేయండి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ దాటకూడదని, పిల్లలకు 75 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కలు మనకెక్కడ గుర్తుంటాయి! ఎదుట మనిషి మామూలుగా మాట్లాడితే వినబడేంతలో పెట్టుకుంటే చాలు.

మూడోది సుఖం సంగతి. కొట్లో ఒక్క నిమిషం పెట్టుకుని బాగుందనుకోకండి. పావుగంట వుంచి చూడండి. మనకు దిద్దులుంటాయి, కళ్లజోడు వుంటుంది, ముడి వుంటుంది. చెవి తమ్మె మీద నొక్కే రకమైతే దిద్దు గుచ్చుకుంటుంది. నాలుగోది, స్పాంజి కొన్నేళ్లకు పొడిపొడిగా రాలుతుంది. కొత్త స్పాంజి విడిగా దొరికే రకమే కొనండి. ఇరవై రూపాయల ముక్క లేక మొత్తం పారేయడం మనకు నచ్చదు కదా.

నేను చివరికి తెరిచిన రకమే కొన్నాను. ఖరీదైనది కాదు. మొదటి రాత్రి పెట్టుకుని వింటుంటే పాట వెనకాల ఫాను చప్పుడు వినిపించింది, వీధిలో కుక్క అరవడం వినిపించింది. మొదట విసుగేసింది. అంతలో పక్కగదిలోంచి "అమ్మాయ్" అని సన్నగా వినిపించింది. మొదటి పిలుపుకే లేచి వెళ్లాను. "ఏం వింటున్నావే?" అన్నారు మా అత్తగారు. నీళ్లిచ్చి, హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు పెట్టాను. కట్టు విప్పిన చేత్తోనే వాటిని సర్దుకుని, కాసేపు విని, "నా మాట నాకే వినబడుతోందే!" అని ఆశ్చర్యపోయారు.

పాట కావాలి, ఇల్లూ కావాలి. రెండింటిలో ఒకటి వదులుకోమని ఎవరైనా అంటే, అవసరం లేదని చెప్పండి. 1968 నుంచీ లేదు. మీకు దొరికే ఆ ఒక్క గంటా, తలుపు తీసి వుంచుకుని, హాయిగా వినండి.