విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో ఛాయాచిత్రణకు సమ్మతి

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక వ్యక్తిని గుర్తించగలిగే విధముగా ఫోటో లేదా వీడియో తీయుటకు, దానిని ఇతరులకు చూపుటకు ఆ వ్యక్తి ఇచ్చే అనుమతిని ఛాయాచిత్రణ సమ్మతి అనవచ్చును. భారతదేశంలో దీనికై ప్రత్యేకమైన చట్టమేదీ లేదు. రాజ్యాంగము, నేర చట్టము, సమాచార సాంకేతిక చట్టము, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సందర్భాన్ని బట్టి వర్తిస్తాయి. తీయుటకు ఇచ్చిన సమ్మతి వేరు, ప్రచురించుటకు ఇచ్చిన సమ్మతి వేరు. వివాదాలు తరచుగా ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వలన పుడతాయి.

నేపథ్యము

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఈ ధర్మాసనంలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమితులైన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఉన్నారు. తన రూపాన్ని లోకానికి ఎలా చూపాలో, దానిని వాణిజ్యానికి వాడుకోవచ్చునో లేదో నిర్ణయించుకునే హక్కు వ్యక్తికి ఉండాలని జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ తన విడి తీర్పులో వ్రాశారు. ర్యాంకులు, ఉద్యోగాలు పొందిన విద్యార్థుల ముఖాలను ఫ్లెక్సీలపై ముద్రించే ఆనవాయితీ బలంగా ఉన్న తెలుగునాట ఈ మాటకు ప్రాముఖ్యమున్నది.

నేరమయ్యే సందర్భాలు

ఏకాంతాన్ని ఆశించే చోట, అనగా స్నానాల గది, మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది వంటి చోట్ల స్త్రీని రహస్యంగా చిత్రీకరించడాన్ని 2013లో భారత శిక్షాస్మృతిలో 354సి సెక్షనుగా చేర్చారు. 2024 జూలై 1 నుండి ఇది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను. మొదటి నేరానికి ఒకటి నుండి మూడేళ్ళు, మళ్ళీ చేస్తే మూడు నుండి ఏడేళ్ళు జైలుశిక్ష, జరిమానా. అటువంటి చిత్రం తీయుటకు ఆమె ఒప్పుకున్నా, ఇతరులకు పంపుటకు ఒప్పుకోనప్పుడు పంపడం నేరమేనని ఈ సెక్షను వివరణ స్పష్టంగా చెబుతోంది. నమ్మి ఇచ్చిన చిత్రం స్నేహితుల వాట్సాప్ గుంపులోకి చేరిన విద్యార్థినికి ఆధారమైనది ఈ వివరణే. "నీవే ఒప్పుకున్నావు కదా" అనే వాదన అక్కడ చెల్లదు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ సెక్షను స్త్రీపురుష భేదం లేకుండా శరీర రహస్యాంగాల చిత్రాలకు వర్తిస్తుంది. దీనికి మూడేళ్ళ వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును.

సమ్మతి ఎలా ఉండాలి

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా ఉపసంహరించుకునే వీలుండాలి. సమ్మతి కోరే పత్రాన్ని తెలుగుతో సహా రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలో చదువుకునే అవకాశం కల్పించాలి. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన ప్రధాన భాగాలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. సొంత జ్ఞాపకం కోసం మిత్రుడు తీసుకున్న ఫోటోకు ఈ చట్టము వర్తించదు.

ఈ చట్టంలో 18 ఏళ్ళలోపు వారు బాలలే. వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి అవసరము. పదవ తరగతి తరువాత నేరుగా చేర్చుకునే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము (నూజివీడు, ఇడుపులపాయ, బాసర మొదలైనవి) వంటి చోట మొదటి రెండేళ్ళ విద్యార్థులలో అత్యధికులు ఈ కోవలోకి వస్తారు.

స్వేచ్ఛ అనే మాట తరగతి గదిలో కొంత చిక్కు తెస్తుంది. మార్కులు వేసే అధ్యాపకుడు అడిగినప్పుడు కాదనగలిగేవారు తక్కువ. అందుచేత పరిశోధన కోసం చిత్రీకరించేటప్పుడు ఆ కోర్సుతో సంబంధం లేని వ్యక్తి ద్వారా అడిగించడం, వద్దన్నవారికి కెమెరాకు అందని వరుసలో చోటివ్వడం మంచి పద్ధతి. సీనియర్లు జూనియర్లతో "ఒప్పించి" తీసిన వీడియోలను సమ్మతిగా పరిగణించలేము. ర్యాగింగును నిషేధించే 2009 నాటి యూజీసీ నిబంధనలు ఇటువంటి చర్యలకు వర్తిస్తాయి.

సభలు, స్నాతకోత్సవాలలో గుంపు చిత్రాలకు ఒక్కొక్కరినీ అడగడం సాధ్యం కాదు. ద్వారం వద్ద నోటీసు పెట్టడం వాడుకలో ఉన్నది. కానీ గుంపులోనుండి ఒక్క ముఖాన్ని కత్తిరించి ప్రకటనలో వాడుకోవడానికి ఆ నోటీసు చాలదు. ప్రాంగణంలో చిత్రీకరణకు రిజిస్ట్రారు ఇచ్చే అనుమతి స్థలానికి మాత్రమే సంబంధించినది. కాపీహక్కు సాధారణంగా ఫోటో తీసినవారిది, డబ్బిచ్చి తీయించుకుంటే తీయించినవారిది. ఈ రెండూ చిత్రంలో ఉన్న వ్యక్తి సమ్మతికి ప్రత్యామ్నాయాలు కావు.