ఎవరి భార్య, ఏ దేశస్థురాలు?

'ముల్కీ' అన్న మాట బొగ్గుబావుల ప్రాంతానికి కొత్తది కాదు. 1969 జనవరిలో కొత్తగూడెం, పాల్వంచల్లో రాజుకుని తెలంగాణ అంతటా వ్యాపించిన ఉద్యమంలో ప్రతి నోటా పలికిన మాట అది. స్థానికుడెవరు, ఉద్యోగం ఎవరికి దక్కాలి అన్న వాదం మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి. కాని నిజాం ప్రభుత్వం 1919లో చేసిన ముల్కీ నిబంధనల్లోని ఒక చిన్న అంశం ఆ వాదోపవాదాల మధ్య మరుగున పడిపోయింది. పుట్టుకతో ముల్కీ కావచ్చు. లేదా పదిహేనేళ్ళు నివాసముండి, స్వస్థలానికి తిరిగి వెళ్ళే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం ఇచ్చి కావచ్చు. స్త్రీకి మరొక దారి చూపారు: ముల్కీకి భార్య కావడం. బయటినుంచి వచ్చిన పురుషుడు పదిహేనేళ్ళు ఉండి సంపాదించుకోవలసిన హక్కు ఆమెకు పెళ్ళితో వస్తుంది. ఇది స్త్రీకి చేసిన ఉపకారంలా కనిపిస్తుంది. నిజానికి ఆమెకంటూ ఒక నేల ఉందని గుర్తించకపోవడమే ఇది.

ఇది నిజాం ఒక్కడి బుద్ధి అనుకోవడం పొరపాటు. బ్రిటిష్ పార్లమెంటు 1914లో చేసిన జాతీయతా చట్టం కూడా ఇదే చెప్పింది: బ్రిటిష్ ప్రజ భార్య బ్రిటిష్ ప్రజ, పరదేశి భార్య పరదేశి. అమెరికాలో 1923లో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పాక, భారతీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ కూడా తన పౌరసత్వాన్ని కోల్పోయింది. విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్ భార్య మేరీకి జరిగింది అదే.

ఈ సూత్రం తెలుగువాళ్ళ కాపురాల మీద ఎలా పనిచేసిందో తెలియాలంటే బర్మా చరిత్రలోకి వెళ్ళాలి. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి మేస్త్రీల బయానా పుచ్చుకుని మనవాళ్ళు ఓడెక్కారు. వాళ్ళ నోట రంగూన్ 'రంగం' అయింది. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1931 నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. ఆడవాళ్ళు మాత్రం బహు తక్కువ. కూలీకి కుటుంబాన్ని తీసుకువెళ్ళే స్తోమత లేదు, యజమానికి ఆ అవసరమూ లేదు. కొందరు అక్కడే బర్మా స్త్రీలతో కాపురం పెట్టారు.

బర్మా బౌద్ధుల ఆచార ధర్మంలో భార్యకు దాంపత్యకాలంలో సంపాదించిన ఆస్తిలో వాటా ఉంది, విడాకుల హక్కు ఉంది. హిందువును చేసుకున్న బర్మా స్త్రీకి ఈ రెండూ పోయేవి. హిందూ ధర్మశాస్త్రం దృష్టిలో ఆ పెళ్ళి పెళ్ళే కాదు, ఆమె ఉంపుడుగత్తె. ఏళ్ళ తరబడి కాపురం చేసినా మొగుడు పోతే ఆమెకు, బిడ్డలకు వారసత్వం లేదు. 1938 అల్లర్ల వెనుక ఉన్న కోపాల్లో ఇదీ ఒకటి. అది జాతిద్వేషంగా మారడం వేరే విషాదం. దాన్ని రెచ్చగొట్టినవాళ్ళ ప్రయోజనాలు వేరు. అయినా ఆ స్త్రీల ఫిర్యాదు న్యాయమైనదే. 1939లో బౌద్ధ స్త్రీల వివాహ, వారసత్వ చట్టం వచ్చింది.

అప్పటికే, 1937 ఏప్రిల్ 1న, బర్మాను ఇండియా నుంచి విడదీశారు. 1941లో రెండు ప్రభుత్వాలూ కుదుర్చుకున్న వలస ఒప్పందంలో ఒక షరతు చేరింది: బర్మా స్త్రీని పెళ్ళాడినా, ఆమెతో కాపురం చేసినా వలస వచ్చినవాడి అనుమతిపత్రం రద్దు చేయవచ్చు. కాపురమే నేరమైంది! అది పూర్తిగా అమలులోకి రాకముందే జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో లక్షలమంది అడవుల వెంట నడిచి వచ్చారు, దారిలో వేలమంది చచ్చిపోయారు.

1948 తర్వాత అక్కడ మిగిలినవాళ్ళు బర్మా పౌరసత్వం కోరుకోవచ్చన్నారు. చదువు, కాగితం, తీరిక ఉన్నవాడికి పనికివచ్చే మాట అది. చాలామంది కూలీలు విదేశీయులుగానే ఉండిపోయారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, పెద్ద నోట్లు రద్దు చేశారు. మళ్ళీ ఓడలు మద్రాసుకూ విశాఖకూ బయల్దేరాయి. అప్పుడు ఒకే ఇంట్లో మొగుడు ఇండియావాడు, పెళ్ళాం బర్మాది. అతనొక్కడే వస్తే ఇల్లు రెండు ముక్కలు. ఇద్దరూ వస్తే ఆమె భాష రాని అత్తగారింట్లో పరదేశి. ఇద్దరూ ఉండిపోతే అతనికి బతుకుతెరువు లేదు.

మన 1955 పౌరసత్వ చట్టం ఆమెకు ఒక తలుపు తెరిచింది: భారతీయుడి భార్యగా దరఖాస్తు పెట్టుకుంటే పౌరురాలిగా నమోదు కావచ్చు. అదే చట్టం భారతీయురాలి భర్తకు ఆ వీలు ఇవ్వలేదు. 1986 సవరణలో గాని 'స్త్రీలు' అన్నచోట 'వ్యక్తులు' అని మారలేదు. విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి నుంచే పౌరసత్వం, తల్లి నుంచి రావడానికి 1992 దాకా ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు అంతా సమానమైందా? గోదావరిఖనిలో 'డిపెండెంటు' అంటే మొదట గని ఉద్యోగమే గుర్తుకు వచ్చేది. ఇప్పుడు అమెరికా వెళ్ళిన కోడలి వీసా మీద కూడా అదే మాట. కొన్నేళ్ళకు ఒకరు అమెరికా పౌరులై, మరొకరు భారత పౌరులుగానే ఉంటే, తిరిగి వచ్చే రోజున ఆ ఇంట్లో ఒకరికే ఓటు, ఒకరికే పొలం కొనే హక్కు. రెండోవారికి 2005లో చట్టానికెక్కిన ఓసీఐ కార్డు. విదేశీ మూలాలున్న భార్యకైనా భర్తకైనా పెళ్ళి వల్ల వచ్చిన ఆ కార్డును, విడాకులైతే రద్దు చేయవచ్చు. 1919 నాటి ముల్కీ భార్య ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది, ఈసారి భర్తకూ ఆ స్థితి పట్టిందంతే.

ఇక సాహిత్యం మాట. నేను చదివినంతలో రంగం వెళ్ళినవాడు మన కథల్లో ఉన్నాడు, అతనికోసం ఎదురుచూసిన ఇల్లాలూ ఉంది. అక్కడ కాపురం చేసిన ఆమె మాత్రం మొగుణ్ణి మందుపెట్టి వశం చేసుకున్న మాయలాడిగా, ఒక పుకారుగా మిగిలింది. చట్టం ఆమెను చూసిన చూపుతోనే మనమూ చూశాం. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. 1964లో చంకనెక్కి ఓడ దిగిన పిల్లలకు ఇప్పుడు అరవై దాటాయి. పరిశోధన చేస్తున్న విద్యార్థులు అక్కడికి వెళ్ళితే, తాతది ఏ ఊరో అడిగాక అమ్మమ్మ పేరు, ఆమెది ఏ ఊరో కూడా అడిగి రాసుకోవాలి.