మొర ఎవరితో చెప్పుకొనవలెను?



విజయవాడ బెంజ్ సర్కిల్ మీదుగా పోవు బందరు రోడ్డు మీరెరిగినదే. దాని చివరనున్న మచిలీపట్నములోనే పూర్వము మన ప్రాంతపు కలెక్టరు కచ్చేరి యుండెను. శిస్తు కట్టలేని రైతు తన మొరను అక్కడికే మోసికొని పోవలసి యుండెను.

బెజవాడవద్ద కృష్ణానదికి 1852 మొదలు 1855 వరకు ఆనకట్ట కట్టిరి. ఆ దినములలోనే, 1854లో, మద్రాసు ప్రభుత్వము ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను ముగ్గురు దొరలను విచారణకు నియమించెను. శిస్తు కొరకు జనులను హింసించుచున్నారను మాట నిజమా అని వారు కనుగొనవలెను. 1,959 ఫిర్యాదులు వచ్చెను. కొందరు వందలాది మైళ్ళ దూరమునుండి వచ్చిరి. ఎండలో నిలబెట్టుట, అన్నము తిననీయకుండుట, తలను కాళ్ళవరకు వంచి త్రాటితో కట్టుట, వ్రేళ్ళను కర్రల నడుమ బిగించుట, ఇవి బంట్రోతుల పద్ధతులు. మాట నిజమేయని 1855లో ఆ దొరలు వ్రాసిరి.

ఇన్నాళ్ళు ఎవరును ఏల వినలేదు? శిస్తు వసూలు చేయు తహశీల్దారే పోలీసు అధికారి. పైనున్న కలెక్టరే మేజిస్ట్రేటు. కంచె చేను మేయుచుండగా చేను ఎవరితో చెప్పుకొనును?

ఇది మన దేశపు సంగతి మాత్రమే కాదు. పన్ను బాకీదారులను చెరలో వేయరాదని, సీసపు గుండ్ల కొరడాలతో కొట్టరాదని రోమా చక్రవర్తియైన కాన్‌స్టంటైను 320లో శాసనము చేసెను. శాసనము మంచిదే. అయినను సుమారు ఇరువదియేండ్ల తరువాత ఐగుప్తులో అబిన్నేయుస్ అను దళాధిపతికి వచ్చిన ఉత్తరములు నేటికిని నిలిచియున్నవి. కొన్నిటిలో అధికారులు పన్ను వసూలుకు సైనికులను పంపుమని కోరిరి. మరికొన్నిటిలో జనులు ఆ సైనికుల దోపిడిని గూర్చి మొరపెట్టిరి. రెండును చేరినది ఒక్కని బల్లమీదికే!

మన రాజధానిలో 1859 నాటి చట్టము పోలీసును శిస్తు శాఖనుండి వేరుచేసెను. హింస అంతటితో పూర్తిగా ఆగెనని చెప్పను గాని, మొర వినుటకు వేరొక గుమ్మము ఏర్పడెను.

సహోదరులారా, యొర్దానువద్ద యోహానునొద్దకు సుంకరులును సైనికులును వచ్చి, తామేమి చేయవలెనని అడిగిన సంగతి మీకు తెలియును. మనమును అడుగుదము. కోతకాలపు కానుక ధాన్యము కొలుచువాడే లెక్కయు చూచుచున్నాడా? పేద విధవరాలు, "అయ్యా, నన్ను రెండుసారులు అడిగిరి" అని వచ్చినయెడల, అడిగినవానియొద్దకే ఆమెను తిరిగి పంపకుడి. కూర్చుండబెట్టి, వేరొకడు వినవలెను.