వాలు అక్షరం చెక్కిన చేయి

1500వ సంవత్సరం. వెనిస్‌లో ఆల్దుస్ మనూత్సియో అచ్చుకూటం. ఫ్రాంచెస్కో గ్రిఫో ఉక్కు కడ్డీ మొనకు కొవ్వొత్తి మసి పట్టించి కాగితం మీద ఒత్తాడు. కుడికి వాలిన బుల్లి అక్షరం పడింది. తోక ఇంకాస్త సన్నగా ఉండాలి. మళ్లీ ఆకురాయి అందుకున్నాడు.

ఆ మొనను రాగి ముక్కలోకి కొడితే గుంట పడుతుంది. గుంటలో కరిగిన సీసం పోస్తే అక్షరం దిగుతుంది. నిలువు అక్షరాలతో గ్రిఫోకు ఈ పని కొట్టినపిండి. 1496లో పియెత్రో బెంబో పుస్తకానికి ఆయన చెక్కిన అక్షరాలను ఇప్పటికీ అచ్చు పనివాళ్లు నమూనాగా చూస్తారు. ఇప్పుడు ఆల్దుస్ అడిగింది వేరు. ఇటలీ పండితులు కలం ఎత్తకుండా గబగబా రాసుకునే చేతిరాత సీసంలోకి రావాలి. కలం ఒక అక్షరం నుంచి మరో అక్షరానికి జారిపోతుంది. సీసపు ముక్కలు దేనికది విడిగా నిలబడతాయి. అందుకే గ్రిఫో జంట అక్షరాలను ఒకే ముక్కగా, పదుల సంఖ్యలో చెక్కాడు. పెద్దక్షరాలను మాత్రం వాల్చలేదు. పొట్టిగా, నిటారుగా వదిలేశాడు.

ఈ వాలు అక్షరం పేరే ఇటాలిక్. కాగితం పొదుపు కోసమే అది పుట్టిందని తరచూ రాస్తుంటారు. నాకు నమ్మబుద్ధి కాదు. పొదుపే ధ్యేయమైతే అన్ని జంటలు చెక్కించడానికి ఖర్చు పెడతారా? చేతిరాత అందం కోసమే అదంతా.

1501 ఏప్రిల్‌లో వర్జిల్ కావ్యాలు వెలువడ్డాయి. పూర్తిగా ఇటాలిక్‌లో అచ్చయిన తొలి పుస్తకం అదే. వ్యాఖ్యానాల బరువు లేదు. ఒక చేత్తో పట్టుకుని చదువుకోవచ్చు. ఆల్దుస్ అందులో గ్రిఫో చేతులను గ్రీకు పురాణ శిల్పి దెదలస్ చేతులతో పోల్చి మెచ్చుకున్నాడు. మన మాటల్లో విశ్వకర్మ చేతులు.

మెచ్చుకోలు గ్రిఫోకు దక్కింది. హక్కు ఆల్దుస్‌కు దక్కింది. ఆ అక్షరాలను మరొకరు వాడకూడదని వెనిస్ ప్రభుత్వం 1502లో శాసించింది. చెక్కినవాడు సైతం ఆ అక్షరాన్ని వెనిస్‌లో మరొకరికి అమ్ముకోలేడు. ఇది అన్యాయమనే నేనంటాను. గ్రిఫో వెనిస్ వదిలి ఫానో చేరాడు. అక్కడి ముద్రాపకుడు సోన్చినో కోసం మరో ఇటాలిక్ చెక్కాడు. 1503లో పెత్రార్క్ కవితలు వేస్తూ, ఈ అక్షరాల అసలు సృష్టికర్త గ్రిఫోయేనని సోన్చినో అచ్చులోనే చాటాడు.

శాసనం ఆల్దుస్‌నూ కాపాడలేకపోయింది. ఫ్రాన్స్‌లోని లియోన్ ముద్రాపకులు ఆ అక్షరాలనూ పుస్తకాలనూ కాపీ కొట్టారు. 1503లో ఆల్దుస్ ఆ నకిలీల్లోని తప్పులన్నీ ఏరి, పాఠకులకు హెచ్చరికగా అచ్చు వేశాడు. లియోన్ వాళ్లు ఆ జాబితా చూసి తప్పులు దిద్దుకుని, మళ్లీ అమ్ముకున్నారు.

కాలం గడిచేకొద్దీ ఇటాలిక్ నిలువు అక్షరాల పక్కన చేరింది. ఈనాడు ఇంగ్లిష్ పేజీలో పుస్తకం పేరుకో, పరభాషా పదానికో, నొక్కి చెప్పే మాటకో వాడతారు. గ్రిఫో మాత్రం కావ్యం మొత్తాన్నీ మోయడానికే దాన్ని చెక్కాడు.

ఆల్దుస్ 1515లో పోయాడు. మరుసటి ఏడు గ్రిఫో బొలోనియాలో సొంతంగా అచ్చు మొదలుపెట్టి, మరింత చిన్న ఇటాలిక్‌తో పెత్రార్క్‌ను తెచ్చాడు. తన అక్షరాల వల్లే ఆల్దుస్‌కు డబ్బూ కీర్తీ వచ్చాయని ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ ముద్రణ ఎక్కువ కాలం సాగలేదు. ఒక గొడవలో అల్లుణ్ని ఇనుప కడ్డీతో కొట్టాడు. అల్లుడు చనిపోయాడు. గ్రిఫోను ఉరితీసి ఉంటారని చరిత్రకారుల అంచనా.