కోళ్ల వల డిష్షు నుంచి ఇంటి పెట్టె దాకా

1975 ఆగస్టు 1న ‘సైట్’ ప్రయోగం మొదలైంది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు ఏడాదిపాటు టీవీ చూపించారు. కోళ్ల వలతో చేసిన పది అడుగుల డిష్షు! నా మటుకు నాకు అదే అసలైన అద్భుతం. నాటి అనలాగ్ సిగ్నల్ మందగిస్తే చుక్కలు పడుతూనే బొమ్మ కనిపించేది.

2004 డిసెంబరులో దూరదర్శన్ ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ తెచ్చింది. నెల చందా లేని నేటి ఫ్రీ డిష్ అదే. ఇది డిజిటల్. డిష్షు ముందుండే ఎల్‌ఎన్‌బీ, 11 గిగాహెర్ట్జ్ పరిధి తరంగాలను 950-2150 మెగాహెర్ట్జ్‌కు దించి కేబులులోకి పంపుతుంది. పెట్టెలోని ట్యూనర్ ఒక్క ట్రాన్స్‌పాండర్‌ను పట్టుకొని పక్కవాటిని వడగడుతుంది. ఆ ఒక్కదానిలోనే అనేక చానళ్లు 188 బైట్ల పొట్లాలుగా కలగలిసి వస్తాయి. ప్రతి పొట్లానికీ ఓ నంబరు. మనం తపాలు చూసి ఏ సీటు కాగితం ఆ సీటుకు పంపినట్లే, పెట్టె కావలసిన నంబర్లను ఏరి బొమ్మగా, ధ్వనిగా విప్పుతుంది. డీవీబీ-ఎస్ పద్ధతిలో పొట్లం వెంట 16 బైట్లు అదనంగా వస్తాయి. వాటితో ఎనిమిది బైట్ల దాకా తప్పులు దిద్దుకుంటుంది. అంతకు మించితే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి, ఆపై ఆగిపోతుంది.

వానలో జరిగేది ఇదే. అది తెలియక కొత్త పెట్టె కొన్న పెన్షనర్లున్నారు. వాన వెలిశాకా బొమ్మ రాకుంటే ముందు కేబులు బిగింపు, తర్వాత డిష్షు దిశ చూడమనండి. పెట్టె సంగతి ఆఖరున.