మూతపడిన ఆలయములు – మిగిలిన పరిశుద్ధ వస్తువులు



ఎజ్రా గ్రంథము మొదటి అధ్యాయము చదువునప్పుడెల్ల ఒక సంగతి నన్ను నిలుపుచుండును. యెరూషలేము మందిరమునుండి నెబుకద్నెజరు తీసికొనిపోయిన ఉపకరణములను కోరెషు రాజు ఒక్కొక్కటిగా లెక్కపెట్టించి షేష్బజ్జరునకు అప్పగించెను. అవి మొత్తము 5,400. మందిరము కాలిపోయినను దాని వస్తువులకు లెక్క యున్నది. ఈ శతాబ్ది సంవత్సరమున, గోవాలోని కత్తోలిక సహోదరుల చరిత్రనుండి ఇట్టి సంగతినే మీ ముందుంచగోరుచున్నాను.

పోర్చుగీసువారి రాజధానియైన పాత గోవాలో ఆలయములు, మఠములు అనేకములుండెను. అంటువ్యాధులకు భయపడి జనులు ఆ పట్టణమును విడిచిపోయిరి. 1834లో పోర్చుగల్ ప్రభుత్వము సన్యాస సభలను రద్దుచేయగా, మరుసటి సంవత్సరము ఆ ఆజ్ఞ గోవాలోను అమలైనది. ఆస్తులు ప్రభుత్వ పరమైనవి. కొండమీద 1602లో పూర్తియైన అగస్టీనియన్ సభవారి గొప్ప ఆలయమును బాగుచేయువారు లేక, 1842లో దాని పైకప్పు కూలెను. 1931లో ముఖభాగమును గోపురములో కొంతయు పడిపోయెను.

అయితే దాని గంట మిగిలినది. 1871లో అది పణజిలోని మరియమాత ఆలయమునకు చేరి, మరియొక సంఘమును ఆరాధనకు పిలుచుటకు ఉపయోగపడినది.

ఆ కొండమీదనే సాంతా మోనికా కన్యకల మఠమున్నది. క్రొత్తవారిని చేర్చుకొనుట నిషేధింపబడుటచే సహోదరీలు ఒక్కొక్కరే కన్నుమూసిరి. చివరి ఆమె 1885లో మరణించెను. 1994లో రాశోల్ సెమినరీలో ఆరంభమైన క్రైస్తవ కళా ప్రదర్శనశాల 2002లో ఈ మఠమునకు మార్చబడినది. దంతపు ప్రతిమలు, వెండి పాత్రలు, కుట్టుపని చేసిన ఆరాధన వస్త్రములు అచ్చట భద్రముగా నున్నవి. వానిలో అధిక భాగము మన దేశపు పనివారి చేతిపనియే.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది కెతెవాన్ రాణి చరిత్ర. జార్జియా దేశపు ఈ రాణి క్రీస్తును విడువనందుకు 1624లో షిరాజ్ పట్టణమున షా అబ్బాస్ ఆజ్ఞచేత హతసాక్షియైనది. అగస్టీనియన్ గురువులు ఆమె అస్థులలో కొన్నిటిని 1627లో గోవాకు తెచ్చి, తమ మఠములో ఏ గదిలో ఏ కిటికీయొద్ద ఉంచిరో వ్రాసిపెట్టిరి. గోడలు కూలిన తరువాత ఆ వ్రాతయే దారి చూపినది. భారత పురావస్తు శాఖవారు త్రవ్వగా 2004లో ఒక అస్థి దొరికినది. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. పరీక్షచేసి, మన దేశస్థులలో కనబడని, జార్జియావారిలో కనబడు వంశగుర్తు దానియందున్నదని తెలిపిరి. 2021 జూలైలో భారత ప్రభుత్వము ఆ అవశేషములలో ఒక భాగమును జార్జియాకు అప్పగించెను. ఒక చిన్న వ్రాత, నాలుగు వందల యేండ్ల సాక్ష్యమును కాపాడినది!

మన సంగతి యేమి? నేను పరిచర్య చేసిన ఒక గ్రామ సంఘములో పాత ఆలయము పడగొట్టి క్రొత్తది కట్టితిమి. ప్రతిష్ఠ దినమున ఒక వృద్ధురాలు నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, నా బిడ్డలందరికి బాప్తిస్మమిచ్చిన రాతి తొట్టి యేదీ?” అని అడిగెను. నేను జవాబు చెప్పలేకపోతిని. పునాదిలో పోయినదో, ఎవరైన తీసికొనిపోయిరో నేనెరుగను. పడగొట్టక ముందే విచారింపవలసినవాడను నేనే.

మన విశ్వాసము వస్తువులమీద ఆనుకొనలేదు. అయినను ఆ వస్తువులు మన పితరుల ప్రార్థనలకు సాక్షులు. కావున పాత ఆలయముపై గడ్డపార వేయకముందు గంట, ప్రభు భోజనపు పాత్ర, బాప్తిస్మపు తొట్టి, దాతల పేర్లుగల పలకలు – ప్రతిదానిని లెక్కించి, ఎవరిచ్చిరో, ఎక్కడ నుంచితిమో సంఘ రిజిస్టరులో వ్రాయుదము. క్రొత్త ఆలయములో వాడదగిన వానిని వాడుదము. మిగిలిన వానికి తాళముగల బీరువా యొకటి చాలును. రాబోవు తరమువారు అడిగినప్పుడు మన సంఘ పెద్దలు జవాబు చెప్పగలవారై యుందురు గాక.